రస్కుల లైను ఆపినావిడ

ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీర మార్చుకోకుండానే కూరకి తాలింపు వేస్తూ అమ్మ మామూలుగా అంది. "మీ ఫేక్టరీ మేడమ్ పోయిందటే. టికియాపారా వోళ్ళు చెప్పుకుంటన్నారు. బుధవారం సమాధి చేస్తారట."

"ఏ మేడమ్?" అన్నాను, తెలిసే.

"ఇంకే మేడమే? నిన్ను రైల్లో నిలబెట్టి పాఠాలు చెప్పేది కదూ, ఆవిడే."

తాలింపు చిటపటలు ఆగేవరకు అక్కడే నిలబడ్డాను. తర్వాత మేడ మీదకు వెళ్ళాను, కిందకి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. హౌరా దగ్గర లిలువా రైల్వే క్వార్టర్స్‌లో మా మేడ చిన్నది. అటూ ఇటూ నడిస్తే వెంటనే గోడ తగులుతుంది. ఆవిడయితే ఈ మేడ మీద ఎలా ఉండగలిగేదో అనిపించింది.

ఆవిడ ఎక్కడ చదివిందో, ఎందుకు పెళ్ళి చేసుకోలేదో, ఇంట్లో ఎవరున్నారో నాకు తెలీదు. నాకు బాగా తెలిసింది ఆవిడ నడక. రబ్బరు అడుగుల బూట్లతో చప్పుడు లేకుండా వచ్చేది. అయినా ఓవెన్ దగ్గర పనిచేసేవాళ్ళు తల తిప్పకుండానే నడుములు సరిచేసుకునేవారు. మా ఫ్యాక్టరీలో రస్కులు, బిస్కెట్లు, కేకులు చేస్తారు. అందులో ఆవిడ క్వాలిటీ మేనేజరు. నేను ఆవిడ కింద అసిస్టెంటుని. ఆవిడకో గది, గదిలో బల్ల, బల్ల వెనక కుర్చీ ఉండేవి. కుర్చీ మీద ఎప్పుడూ ఫైళ్ళు కూర్చునేవి.

దేన్నయినా వేలితో రుద్ది వాసన చూడటం ఆవిడ అలవాటు. టిన్ను అంచు, బెల్టు కింద గొలుసు, కొత్తగా వచ్చిన అట్టపెట్టె, ఏదీ వదిలేది కాదు. ఫ్యాక్టరీ దాటినా ఆ వేలు ఆగేది కాదు. లోకల్ రైలు కిటికీ చువ్వని రుద్దేది, వాసన చూసేది, మొహం చిట్లించేది. చర్చిలో ప్రభు భోజనం పళ్ళెం అంచుని కూడా అలాగే చూసిందని అమ్మ చెప్పుకుని నవ్వేది. చాయ్ మాత్రం ఎప్పుడూ సగమే తాగేది. తాగుతూ ఉండగా ఏదో గుర్తొచ్చేది. గ్లాసు ఏ గోడ మీదో, ఏ కిటికీ గట్టు మీదో పెట్టి వెళ్ళిపోయేది. సాయంత్రం చాయ్‌వాలా గేటు బయట గోడ పొడవునా గ్లాసులు ఏరుకుంటూ, "మేడమ్ ఇవాళ ఇటు తిరిగిందన్నమాట" అనేవాడు.

చేరిన కొత్తలో నన్ను అడిగింది. "ట్రేలు కడిగేరా?"

"కడిగారండి."

"నువ్వు చూసేవా?"

"లేదండి. పొద్దుటి షిఫ్ట్ వాళ్ళు చెప్పారు."

"మరయితే నాకెందుకు చెప్తన్నావు? వెళ్ళి చూసొచ్చి చెప్పు."

చూసొచ్చాను. కడిగే ఉన్నాయి. ఆ మాట చెప్పబోతే అప్పటికే ఆవిడ పిండి గదిలో ఉంది. ఆ తర్వాత నేనేం చెప్పినా ఆవిడది ఒకటే ప్రశ్న. "చూసేవా, అనుకున్నావా?" నాకసలే నలుగురిలో గొంతు పెగలదు. ఆ ప్రశ్న వచ్చాక చూసినవి కూడా చూడనట్టు ఉండేది. ఒకసారి భయంలో నోరుజారి "చూశాను ఆంటీ" అన్నాను. చర్చిలో అలాగే పిలిచేదాన్ని మరి. "ఆంటీ రైల్లో. ఇక్కడ కాదు" అంది, నడుస్తూనే.

రైల్లో నిజంగానే ఆంటీ అయిపోయేది. లేడీస్ పెట్టెలో ఎంత ఖాళీ ఉన్నా తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడేది. నన్నూ కూర్చోనిచ్చేది కాదు. నా చేతిలో తెలుగు పుస్తకం ఉంటే అట్ట చూసి, "ఏటి చదువుతన్నావు? ఆఖర్ని ఏటవుద్ది?" అనేది. నేనింకా సగంలోనే ఉన్నానంటే, "ఆఖరి పేజీ తియ్యీ, చదివీ" అనేది. ఆఖరి పేజీ చదివితే మొదలు తెలీక, "ఎవలీ మనిషి? ఎందుకేడుస్తంది?" అని అడిగేది. నేను చెప్పడం మొదలుపెట్టేసరికి లిలువా వచ్చేది. నేను దిగిపోయేదాన్ని. ఆవిడ హౌరా దాకా వెళ్ళి టికియాపారా రైలు పట్టుకునేది. అలా ఆవిడకి సగం సగం తెలిసిన కథలు ఎన్నో ఉండిపోయాయి.

మా కంపెనీ గల్ఫ్ దేశాలకి రస్కులు పంపాలనుకున్నప్పుడు హలాల్ సర్టిఫికెట్ కావలసివచ్చింది. కొనేవాళ్ళు అడిగారు కాబట్టి యజమాని తెప్పించాడు. బంగారు రంగు ఫ్రేము కట్టించి, ఒకటి కలకత్తా భవానీపూర్‌లో తన ఆఫీసులో, ఒకటి ఫ్యాక్టరీ గుమ్మంలో పెట్టించాడు. ఆయన దృష్టిలో పని అక్కడితో అయిపోయింది. ఆవిడ పని అక్కడ మొదలయింది. కేకులు మెత్తగా రావడానికి వేసే పొడి మొక్కల నుంచి వచ్చిందా, జంతువుల కొవ్వు నుంచి వచ్చిందా? వెనిల్లా వాసనని ఏ ద్రవంలో కలిపారు, అది సారాయి లాంటిదా? సరుకు అమ్మిన ప్రతివాడికీ రాసేది, జవాబు రాకపోతే ఫోను చేసేది, ఫోను ఎత్తకపోతే వాళ్ళ గోడౌన్‌కి వెళ్ళి నిలబడేది. జవాబు లేని సరుకు లోపలికి రాకూడదు. అలా బస్తాలు గేటు దగ్గర ఆగిపోతే లైను ఆగేది. లైను ఆగితే ప్రొడక్షన్ చూసే బెంగాలీ దాదా తల పట్టుకునేవాడు.

ఒకరోజు ఆయన అన్నాడు. "దీదీ, మీరేమో గిర్జాకి వెళ్తారు. నేను కాళీపూజ చేస్తాను. మనిద్దరం ఈ హలాల్ వెనక ఎందుకిలా పరిగెడుతున్నాం?"

"నువ్వు మంగళవారం చేప ముట్టవు కదా?"

"ముట్టను."

"నీ టిఫిన్‌లో ఓ ముక్క వేసి చెప్పకుండా ఊరుకుంటే?"

"మీ మొహం చూడను."

"మరింకేం. పద."

మొదట్లో పని బాగా దెబ్బతింది. ఆర్డర్లు ఆలస్యమయ్యాయి. భవానీపూర్ నుంచి కేకలు వినపడేవి. తర్వాత నెమ్మదిగా ఇంకోటి జరిగింది. ఏ బస్తా ఎక్కడిదో తెలియాలి కాబట్టి స్టోరు సర్దుకుంది. స్టోరు సర్దుకున్నాక పాతబడి పారేసే సరుకు తగ్గింది. లైను కడగడం ఎవరి పనో ఖాయమయ్యాక, కడిగి మళ్ళీ మొదలుపెట్టడానికి పట్టే సమయం తగ్గింది. ప్యాకింగ్‌లో ఆడవాళ్ళు ఎవరూ అడగకుండానే మాడిన రస్కు తీసి పక్కన పెట్టేవారు. వాపసు వచ్చే పెట్టెలు తగ్గిపోయాయి. అంతకుముందు ఆవిడని చూసి పక్కకి తప్పుకునే దాదా, ఏదయినా అనుమానం వస్తే ఆవిడనే వెతుక్కుంటూ వచ్చేవాడు. ఈ బాగుపడటంలోనే రెండో షిఫ్ట్ వచ్చింది. ప్యాకింగ్‌లో చాలామంది ఆడవాళ్ళకి పని దొరికింది. వాళ్ళకి పెద్ద రహీమా దీదీ.

రహీమా దీదీ మాట తక్కువ మనిషి. చేతులు మాత్రం కబుర్లు చెప్పుకుంటున్నట్టు కదిలేవి. మధ్యాహ్నం చాయ్ వేళకి విరిగిన రస్కులు ఒక బుట్టలో పోసి ప్యాకింగ్ వాళ్ళకి ఇవ్వాలని ఏర్పాటు చేసింది మేడమే. అంతకుముందు అవి చెత్తలో పోయేవి. మిగిలినవి ఇళ్ళకి తీసుకువెళ్ళనిచ్చేది కూడా.

ఇక బ్రష్‌ల సంగతి. రస్కుల కోసం ముందు రొట్టె కాల్చే టిన్నులకి లోపల నూనె పూయాలి. పూసేది నైలాన్ బ్రష్‌లతో. టిన్ను వేడికి నైలాన్ మెత్తబడి పోగులు ఊడేవి. కొనేవాళ్ళ దగ్గర్నుంచి ఫిర్యాదు వచ్చింది, రస్కులో దారం లాంటిది ఉందని. ఆ ఫిర్యాదు ఆవిడని తిన్నగా ఉండనివ్వలేదు. తనే బడాబజార్ వెళ్ళింది, దుకాణాలన్నీ తిరిగింది, పోగుల్ని వేళ్ళతో రుద్ది వాసన చూసి, తెల్లటి వెంట్రుకల బ్రష్‌లు ఏరి తెచ్చింది. "చూడు, వేడికి ఆగుద్ది. నూనె ఎలగ పట్టుకుంటన్నాదో చూడు" అని నాకు చూపించి మురిసింది. పోగులు ఊడటం ఆగింది. ఫిర్యాదులూ ఆగాయి. బ్రష్ తినే వస్తువు కాదు కదా. చీపుర్లతో, గ్లవ్‌లతో పాటు సామాన్ల స్టోరులోకి వెళ్ళింది. పిండికీ నూనెకీ అడిగే ప్రశ్న దాన్నెవరూ అడగలేదు.

సర్టిఫికెట్ మళ్ళీ తీసుకోవలసిన ఆడిట్ దగ్గర పడింది. గల్ఫ్ ఆర్డరు లైను మీద ఉంది. ఆ రోజు మధ్యాహ్నం నేనూ ఆవిడా ఓవెన్ పక్కగా వెళ్తున్నాం. ఆవిడ ఆగిపోయింది. నడిచే మనిషి అలా ఆగితే ఏదో విరిగినట్టు ఉంటుంది. ముక్కు పైకెత్తింది. ఒక వేడి టిన్ను మీద బ్రష్ వెంట్రుక ఒకటి పడి మాడుతోంది.

ఏమీ అనకుండా కొత్త బ్రష్ ఒకటి తీసుకుని గేటు బయటకు నడిచింది. నేను వెనకాల పరిగెత్తాను. చాయ్‌వాలా పొయ్యి మీద ఒక వెంట్రుక పట్టింది. నైలానైతే కరిగి పూసలా ముడుచుకోవాలి. ఇది చిట్లి, మాడి, నలిపితే బూడిదయింది. తలవెంట్రుక కాలిన వాసన వచ్చింది.

"గుర్రం వెంట్రుక అనుకున్నాను. ఏ జంతువుదో అడగలేదు" అంది. నాతో కాదు.

బడాబజార్ దుకాణదారుకి ఫోను చేసింది. అతను హాయిగా నవ్వడం నాకూ వినపడింది. "గుర్రమెందుకు మేడమ్? నిఖార్సయిన సువ్వర్ బాల్. పంది వీపు వెంట్రుక. ఇంతకంటే మంచి సరుకు కలకత్తాలో దొరకదు. ఇంకా పంపించమంటారా?"

ఫోను పెట్టేసి లోపలికి వెళ్ళి ఎర్ర బటను తనే నొక్కింది. బెల్టు ఆగిపోయింది. అంత చప్పుడూ ఒక్కసారిగా పోయేసరికి చెవులు నొప్పెట్టాయి.

యజమానికి బయట నిలబడి ఫోను చేసింది. నిలబడి అన్నాను గానీ, బాయిలర్ నుంచి గేటుకి, గేటు నుంచి బాయిలర్‌కి. నేను బ్రష్‌ల సంచి పట్టుకుని పక్కనే తిరుగుతున్నాను. ఆయన గొంతు పెద్దది. "బ్రష్‌లు కాల్చెయ్యండి. వేరేవి తెప్పించండి. టిన్నులు కడిగించండి. వచ్చేవాళ్ళు పిండి చూస్తారు, నూనె చూస్తారు, బ్రష్ ఎవరు చూస్తారు? మేడమ్, ఈ ఆర్డరు పోతే రెండో షిఫ్ట్ పోతుంది. ఆ ఆడవాళ్ళ కోసమైనా నోరు మూసుకోండి. సాయంత్రం నేనొచ్చేదాకా ఎవరితోనూ అనొద్దు."

"సాయంత్రం దాకానా" అంది ఆవిడ. అది ప్రశ్నో ఒప్పుకోవడమో నాకు తెలియలేదు.

ఫోను సంచిలో వేసుకుని నా వైపు చూసింది. "నేనే కొన్నాను పిల్లా. నేనే వాసన చూసేను. చూసేననుకున్నాను."

అప్పుడే చాయ్ గంట కొట్టారు.

ఆవిడ అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. మేం వెళ్ళేసరికి ప్యాకింగ్ వాళ్ళు షెడ్డు నీడలో కూర్చుని ఉన్నారు. మధ్యలో బుట్ట ఉంది. లైను ఎందుకు ఆగిందో తెలీక నవ్వుకుంటున్నారు. "మేడమ్‌కి ఇవాళ మళ్ళీ ఏదో వాసన వచ్చింది" అంది ఒకామె. రహీమా దీదీ రస్కు ముక్క చాయ్‌లో ముంచి పైకెత్తింది.

మేడమ్ ఆమె మణికట్టు పట్టుకుంది. "వద్దు."

"ఏమయింది?"

నాలుగు మాటల అబద్ధం చాలు. మాడాయనో, నూనె పాడయిందనో అంటే సాయంత్రం వరకు గడిచిపోయేది. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. ఆవిడ ఆ చెయ్యి వదల్లేదు.

"టిన్నులకి నూనె రాసే బ్రష్‌లు పంది వెంట్రుకలవి. నాకిప్పుడే తెలిసింది. కొన్నది నేనే."

చాయ్‌లో మెత్తబడిన ముక్క ఆమె చీర మీద పడింది. ఒకామె లేచి కొళాయి దగ్గరకు వెళ్ళి నోరు పుక్కిలించింది. ఇంకో ఇద్దరు వెళ్ళారు.

"ఎప్పట్నుంచి?" అంది రహీమా దీదీ.

"ఆ తెల్ల బ్రష్‌లు వచ్చినప్పట్నుంచి."

"పిల్లలకి పట్టుకెళ్ళాను. మా అత్త పళ్ళు లేని మనిషి, పాలలో నానబెట్టి తినేది. రోజూ."

"తెలుసు."

"తెలీక తింటే తప్పు లేదంటారు మా వాళ్ళు. మరి నాకు ఇప్పుడు తెలిసింది కదా. ఇంటికెళ్ళి ఆ ముసలామెకి చెప్పనా, మాననా? మీరు చెప్పకపోతే ఈ బరువు మీ ఒక్కరిదే అయ్యేది. ఇప్పుడు నేనేం చెయ్యను, చెప్పండి?"

"నాకు తెలీదు, రహీమా."

రహీమా దీదీ చెయ్యి విడిపించుకుని కొళాయి దగ్గరకు వెళ్ళింది. మోచేతుల దాకా కడుక్కుంటూ ఉండిపోయింది. మేడమ్ అక్కడే నిలబడి, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకి అందరూ వింటూ ఉండగానే ఫోను చేసింది. ఆడిట్ వరకు ఆగొద్దు, రేపే రండి అని చెప్పింది.

వాళ్ళు వచ్చారు. తెల్లగడ్డం పెద్దాయన, ఆయనతో ఫుడ్ టెక్నాలజీ చదువుకున్న ఒకావిడ. పెద్దాయన బ్రష్‌ని చేత్తో ముట్టకుండా చాలాసేపు చూశాడు. "మీరు చెప్పకపోతే మేమిది చూసేవాళ్ళం కాదేమో" అన్నాడు.

"అయితే ఇకనించి చూడండి. మిగతా ఫ్యాక్టరీల్లో కూడా" అంది మేడమ్.

సర్టిఫికెట్ ఆపేశారు. ఫ్రేములు దించారు. ఆ బ్రష్‌లు తగిలిన టిన్నులన్నీ తీయించి, వాళ్ళ కళ్ళ ముందే లైను కడిగించారు. ఆర్డరు వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. రెండో షిఫ్ట్ మూతపడింది. ప్యాకింగ్ వాళ్ళు గేటు దాటుతూ మేడమ్‌ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఆవిడ గేటు దగ్గరే అటూ ఇటూ తిరిగింది.

యజమాని ఆవిడని తీసెయ్యలేదు. భవానీపూర్ ఆఫీసుకి మార్చి, కుర్చీ వేసి, ఫైళ్ళు చూడమన్నాడు. అక్కడి వాచ్‌మన్ చెప్పేవాడు, భోజనం వేళ ఆవిడ మెట్రో మెట్ల దాకా వెళ్ళి తిరిగి వస్తూ ఉంటుందని. కొన్నాళ్ళకి ఉద్యోగం మానేసింది.

సర్టిఫికెట్ తర్వాత మళ్ళీ వచ్చింది. కొనేవాళ్ళూ వచ్చారు. తప్పు తామే బయటపెట్టుకున్న కంపెనీ అని ఆ పెద్దాయన ఎక్కడో చెప్పాడట. రెండో షిఫ్ట్ తెరిచారు, పాతవాళ్ళలో కొందరే వచ్చారు. ఇప్పుడు గ్లవ్‌కీ, గొలుసుకి రాసే గ్రీజుకీ కూడా పుట్టుక అడుగుతాం. దాదాయే అడుగుతాడు ముందు. బయటినుంచి ఎవరయినా వస్తే యజమాని తెర మీద ఆ బ్రష్ బొమ్మ వేసి, మా కంపెనీలో క్వాలిటీ అంటే ఇదీ అని కథంతా చెప్తాడు. లైను మేమే ఆపుకున్నాం అంటాడు. ఆ "మేము"లో ఆవిడ ఎక్కడుందా అని నేను వెనక వరసలో కూర్చుని వెతుకుతూ ఉంటాను. లేచి చెప్పాలని ప్రతిసారీ అనిపిస్తుంది.

మానేశాక ఆవిడని ఒక్కసారే చూశాను, హౌరా స్టేషన్లో. జనం తోసేస్తున్నారు. ఆవిడ ఎదురొచ్చి బాగున్నావా అని కూడా అనలేదు.

"రహీమా వచ్చిందా పన్లోకి?"

"వచ్చింది ఆంటీ."

"రస్కు తింటన్నాదా?"

"లేదు. ఇంటినుంచి మరమరాలు తెచ్చుకుంటుంది."

"మాటాడుద్దా నా గురించి?"

"మాట్లాడదు."

తల ఊపింది, రైలు కూత విని వెళ్ళిపోయింది. ఆవిడ తిరిగొచ్చి ఇంకేదో అడుగుతుందని నేను కాసేపు అక్కడే ఉన్నాను.

అమ్మ చెప్పిన మర్నాడు, సోమవారం, ప్యాకింగ్ దగ్గరకి వెళ్ళాను. లైను చప్పుడులో నా గొంతు వినపడదు. మేడమ్ పోయిన సంగతి రహీమా దీదీ పక్కన నిలబడి చెవి దగ్గర చెప్పాల్సివచ్చింది. ఆమె చేతులు ఆగలేదు. ఒక పెట్టె నింపింది, మూసింది, ఇంకోటి లాక్కుంది.

"మా ఇంటికొచ్చింది ఆవిడ" అంది తర్వాత. "షిఫ్ట్ మూసేసినప్పుడు. మళ్ళీ ఓసారి కూడా. కిటికీలోంచి చూశాను. గల్లీలో ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తోంది. తలుపు తియ్యలేదు నేను."

నేను ఖాళీ పెట్టె ఒకటి ఆమె వైపు జరిపాను.

"మా అత్తకి చెప్పలేదు. నేను చెప్పకముందే పోయింది ఆమె. ఆ బరువు నాతోనే ఉంది." పెట్టె మీద టేపు అంటించి అరచేత్తో గట్టిగా రుద్దింది. "మీ వాళ్ళు మట్టి చేసే చోటుకి ఆడవాళ్ళు రావచ్చా?"

"రావచ్చు."

"నాలాంటివాళ్ళని రానిస్తారా?"

"రానిస్తారు" అన్నాను. వెంటనే నాకే అనుమానం వచ్చి, "అమ్మని అడిగి రేపు చెప్తాను" అన్నాను.

"అడుగు. వస్తాను." ఆమె నా వైపు మొదటిసారి పూర్తిగా తిరిగింది. "కోపం పోయిందనుకోకు."

"అనుకోను."

"దాదాని సెలవు నువ్వే అడుగు, నీదీ నాదీ కలిపి. ఏ స్టేషన్లో దిగాలి?"